పైన పటారం, లోన చిలుము: డైవింగ్ రెగ్యులేటర్‌ని నిజంగా తినేసేది ఏంటి?

నీళ్ల కింద సిలిండర్‌లోని గాలిని ఊపిరికి అందించే పరికరం రెగ్యులేటర్. అది కొనేముందు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఇత్తడిది తీసుకోవాలా, స్టెయిన్‌లెస్ స్టీల్‌దా, టైటానియందా, ఏది ఎక్కువ కాలం మన్నుతుంది? అడగడంలో తప్పేమీ లేదు. కానీ దానికి జవాబు దొరికినా మీ రెగ్యులేటర్ ఆయుష్షు గురించి తెలిసేది కొంచెమే. ఎందుకంటే చాలా రెగ్యులేటర్లని పాడుచేసేది సముద్రంలో గడిపిన గంట కాదు, బయటికి వచ్చాక లోపలెక్కడో ఇరుక్కుని, రోజుల తరబడి ఆరీ ఆరకుండా ఉండిపోయే నాలుగు చుక్కల ఉప్పునీరు.

కొన్నేళ్ల కిందట ఒక స్నేహితుడి ఫస్ట్ స్టేజ్‌ని, అంటే రెగ్యులేటర్‌లో సిలిండర్‌కి బిగించే భాగాన్ని, సర్వీసు కోసం విప్పుతుంటే పక్కన కూర్చుని చూశాను. బయట క్రోమ్ అద్దంలా ఉంది, ఒక్క గీత లేదు. సిలిండర్‌కి తగిలే చోట ఉండే చిన్న ఫిల్టర్ తీసి చూస్తే అది ఆకుపచ్చగా మారి ఉంది, దాని వెనక గోడలకి చిలుము పట్టింది, లోపలి స్ప్రింగ్ మీద గోధుమరంగు మచ్చలు. పైన పటారం లోన లొటారం అంటామే, అచ్చం అదే. అతను నిర్లక్ష్యం మనిషి కాదు, ప్రతి డైవ్ తర్వాత శ్రద్ధగా మంచినీళ్లలో ముంచి కడిగేవాడు. ఆ కడగడంలోనే తప్పు జరుగుతోందని అతనికి ఆ రోజుదాకా తెలియదు. ఆ తప్పేంటో కాసేపట్లో చెబుతాను. ముందు ఈ పరికరంలో ఏది దెబ్బతింటే నష్టమో తెలియాలి.

సిలిండర్‌లో గాలి 200 బార్ దగ్గర ఉంటుంది, కొన్నింట్లో 300 దాకా (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి). ఫస్ట్ స్టేజ్ దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే సుమారు 9 నుంచి 10 బార్ మాత్రమే ఎక్కువ ఉండేలా దించుతుంది. నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ ఆ మిగిలినదాన్ని కూడా దించి, మీరు పీల్చినప్పుడు మాత్రమే, ఆ లోతుకి సరిపోయే ఒత్తిడిలో గాలి ఇస్తుంది. పీల్చినప్పుడే గాలి వదిలే ఈ పద్ధతి 1943లో జాక్ ఈవ్ కుస్తో, ఎమిల్ గాన్యాన్ చేసిన ఆక్వాలంగ్‌లోనూ ఉన్నదే.

ఫస్ట్ స్టేజ్ పనంతా ఒక చిన్న తలుపు మీద నడుస్తుంది. ఒకవైపు గట్టి ప్లాస్టిక్ సీటు, దానికి ఎదురుగా కత్తి అంచులా సన్నగా చెక్కిన లోహపు వలయం. నిమిషానికి 15 సార్లు ఊపిరి తీసుకుంటారనుకుంటే, 50 నిమిషాల డైవ్‌లో ఈ తలుపు 750 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. వంద డైవ్‌లకి 75 వేల సార్లు. ఆ అంచు మీద కంటికి సరిగా ఆనని గుంట ఒక్కటి పడినా, ఉప్పు రేణువు ఒక్కటి ఇరుక్కున్నా తలుపు పూర్తిగా మూసుకోదు. అందుకే బయటి గోడ ఎంత మందంగా ఉందన్నది మన్నిక లెక్కలో పెద్దగా రాదు. ఈ అంచు, తలుపుని కదిలించే పిస్టన్ కాడ జారే చోటు, గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలు (ఓ-రింగులు) కూర్చునే గాళ్లు, ఇవి నున్నగా ఉన్నంతకాలం రెగ్యులేటర్ బాగున్నట్టు. ఇక లోహాల సంగతి చూసేటప్పుడు కూడా, మొత్తం దిమ్మకి ఏమవుతుందని కాకుండా ఈ కొన్ని చోట్లకి ఏమవుతుందని చూడాలి.

ఎక్కువ ఫస్ట్ స్టేజ్‌లు ఇత్తడివే. రాగి, జింక్ కలిసిన లోహం, సులువుగా చెక్కచ్చు, ఆక్సిజన్ ఎక్కువున్న గాలితోనూ సురక్షితంగా ఉంటుంది. దాని మీద ముందు నికెల్ పూత, ఆ పైన క్రోమ్ పూత. మెరుపు క్రోమ్‌దే కాబట్టి కాపాడేది కూడా అదేనని అనుకుంటాం గానీ, ఆ క్రోమ్ పొర సాధారణంగా ఒక మైక్రాన్ కూడా ఉండదు, మన తల వెంట్రుక దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది. పైగా క్రోమ్ పొరలో సూక్ష్మమైన పగుళ్లు సహజంగానే ఉంటాయి. అసలు రక్షణ కింద ఉన్న నికెల్‌ది.

ఇందులో ఇంకో చిక్కుంది. రెండు వేరువేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉప్పునీటిలో తడిస్తే అది చిన్న బ్యాటరీ. రెండింట్లో చురుకైన లోహం కరిగిపోతుంది, రెండోది చెక్కుచెదరదు. పూతకి సూదిమొనంత రంధ్రం పడి కింద ఇత్తడి బయటపడిందనుకోండి, చుట్టూ క్రోమ్ నికెల్ విస్తారంగా ఉన్నాయి, కరగాల్సిన ఇత్తడి మాత్రం చుక్కంత. అంత పెద్ద ఉపరితలం తరఫున కరెంటంతా ఆ చుక్క మీద పడుతుంది, అందుకే అది పక్కకి పాకకుండా లోతుగా గుంటలా దిగుతుంది. పూత అసలు లేని ఇత్తడి అయితే అంతటా సమంగా కొంచెం నల్లబడి ఊరుకునేది. పూతలో పడ్డ చిన్న రంధ్రం, పూత లేకపోవడం కంటే ఆ ఒక్క చోటికి ఎక్కువ హాని చేస్తుందంటే నమ్మడం కష్టం గానీ, జరిగేది అదే. ఇంకా, కరెంటుతో వేసే పూత లోపలి మూలల్లోకి, స్క్రూ మరల సందుల్లోకి సరిగా చేరదు, అక్కడ పలచగా పడుతుంది. అంటే నీళ్లు నిలిచే చోటే కవచం పలచన.

చిలుము చూడగానే చాలామందికి టెన్షన్. నిజానికి ఆకుపచ్చ చిలుము రాగి సమ్మేళనాలు, చాలాసార్లు అది పైపైనే ఉంటుంది, శుభ్రం చేస్తే కింద లోహం బాగానే కనిపిస్తుంది. నేను భయపడేది ఇంకో రంగుకి. ఇత్తడి పసుపు పోయి గులాబీ ఛాయకి, రాగి రంగుకి తిరిగితే జింక్ కరిగిపోయిందని అర్థం. మిగిలింది ఆకారం మారని, బలం లేని, స్పాంజిలాంటి రాగి. బయటి కొలతలు అవే ఉంటాయి కాబట్టి ఏమీ జరగనట్టే ఉంటుంది. జింక్ 15 శాతం దాటిన ఇత్తడిలో ఈ ప్రమాదం ఉంటుంది, సముద్రపు పనులకి వాడే నేవల్ బ్రాస్‌లో సుమారు ఒక శాతం తగరం కలిపేది దీన్ని నెమ్మదింపజేయడానికే. స్క్రూ మరల దగ్గరా సీటు కూర్చునే చోటా గులాబీ రంగు కనబడితే, ఆ భాగాన్ని మెరుగు పెట్టి మళ్లీ వాడాలనే ఆలోచన మానేయాలి.

స్టెయిన్‌లెస్ స్టీల్ గురించి ఉన్న అపోహ ఇంకా పెద్దది. దాన్ని కాపాడేది క్రోమియం ఆక్సైడ్ పొర, కంటికి కనిపించదు, గీత పడితే గాలిలోనో నీటిలోనో ఉన్న ఆక్సిజన్‌ని తీసుకుని తనే మాన్పుకుంటుంది. కాబట్టి దానికి ఆక్సిజన్ కావాలి. ఓ-రింగు కింద, మర సందులో, ఉప్పు పెళ్ల కింద ఇరుక్కున్న నీటి పొరలో ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది, కొత్తది చేరదు. ఆ సందులో ఉప్పులోని క్లోరైడ్ చేరుతూ చేరుతూ నీరు ఆమ్లంగా మారుతుంది, రక్షణ పొర విరుగుతుంది, గుంట మొదలవుతుంది. చాప కింద నీరు అంటే ఇదే. బయట మెరుస్తున్న పిస్టన్ కాడని తీసి చూస్తే సరిగ్గా ఓ-రింగు ఆనే వలయంలోనే సన్నటి గుంటలు కనిపించడానికి కారణం ఇది. స్టీళ్లలోనూ తేడాలున్నాయి. 316 రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, క్లోరైడ్‌ని తట్టుకునే శక్తి అక్కడ పెరుగుతుంది. 304లో అది ఉండదు. చెక్కడానికి వీలుగా గంధకం కలిపే 303 ఉప్పునీటికి ఇంకా లోకువ. "స్టెయిన్‌లెస్" అన్న ఒక్క మాట చూసి ధీమా పడకండి, ఏ రకమో అడగండి.

టైటానియం సంగతి క్లుప్తంగా చెప్పచ్చు. సముద్రపు నీటిలో అది తుప్పు పట్టదనే అనుకోవచ్చు, తేలిక కూడా. కానీ ఆక్సిజన్ ఎక్కువున్న వాతావరణంలో అంటుకునే గుణం దానికుంది, అందుకే నైట్రాక్స్‌లో (ఆక్సిజన్ పాలు పెంచిన గాలిలో) 40 శాతం ఆక్సిజన్ దాటితే టైటానియం ఫస్ట్ స్టేజ్ వాడొద్దని తయారీదారులు చెబుతారు. మరలు బిగించేటప్పుడు పట్టేసుకునే స్వభావం కూడా ఉంది. ఇంకా చెప్పాల్సింది, దాని లోపలి సీటు ప్లాస్టిక్కే, ఓ-రింగులు రబ్బరే. అవి ఇత్తడి రెగ్యులేటర్‌లో ఎంత కాలానికి పాడవుతాయో ఇందులోనూ అంత కాలానికే పాడవుతాయి. టైటానియం కొన్నాను కాబట్టి సర్వీసు అక్కర్లేదనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు.

పైన చెప్పిన ఏ రసాయన చర్య జరగాలన్నా తేమ కావాలి. పూర్తిగా ఎండిపోయిన లోహంలో బ్యాటరీ లేదు. మరి ఎండబెట్టిన రెగ్యులేటర్ అలమరలో ఎలా పాడవుతుంది? ఉప్పు వల్ల. సముద్రపు నీటిలో కిలోకి సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి, అదంతా మనకి తెలిసిన మామూలు ఉప్పు కాదు, మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే గానీ కరగడం మొదలుపెట్టదు. మెగ్నీషియం క్లోరైడ్ 33 శాతం తేమకే గాలిలోంచి నీళ్లు లాక్కుని ద్రవంగా మారిపోతుంది. అంటే ఉప్పు మిగిలిపోయిన రెగ్యులేటర్ చేతికి పొడిగా తగిలినా లోపల సన్నటి తడి పొర నెలల తరబడి ఉండగలదు. ఒక గంట డైవ్‌కి ఆరు నెలల తడి! అందుకే ఎన్ని డైవ్‌లు చేశారన్న లెక్క కంటే, ఎన్ని గంటలు ఉప్పు తడితో ఉందన్న లెక్క నాకు ముఖ్యంగా తోస్తుంది. ఏడాదికి వంద డైవ్‌లు చేసి ప్రతిసారీ సరిగా కడిగిన రెగ్యులేటర్, నాలుగు డైవ్‌లు చేసి సంచిలో పడేసిన దానికంటే లోపల శుభ్రంగా ఉండటం ఇందుకే.

మరి నీళ్లు ఎక్కడికి వెళతాయి? కొన్ని చోట్లకి వెళ్లడం సహజం. పిస్టన్ రకం ఫస్ట్ స్టేజ్‌లో స్ప్రింగ్ ఉండే గదిలోకి నీళ్లు రావాలి, లోతుని బట్టి ఒత్తిడి సర్దుకునేది దానివల్లే. బయట కనిపించే రంధ్రాలు అందుకే ఉన్నాయి, ఇసుక, ఉప్పు పేరుకునేది కూడా ఆ గదిలోనే. డయాఫ్రమ్ రకంలో రబ్బరు పొర అడ్డం ఉండటంతో అసలు తలుపు దగ్గరికి నీళ్లు రావు, సీల్ చేసిన మోడళ్లలో పైనున్న స్ప్రింగ్ కూడా తడవదు. కడగడం సరిగా కుదరని వాళ్లకి సీల్ చేసిన డయాఫ్రమ్ మేలని నా అభిప్రాయం, లోహం ఏదన్నదాని కంటే ఈ తేడాకి ఎక్కువ విలువిస్తాను.

అసహజంగా వెళ్లే దారే ప్రమాదం. సిలిండర్‌కి తగిలించే ముఖం, దాని వెనక ఫిల్టర్, ఆ వెనక తలుపు, ఇదంతా ఎప్పుడూ పొడి గాలి మాత్రమే చూడాల్సిన ప్రాంతం. ఆ ముఖానికి మూతలా బిగించే డస్ట్ క్యాప్ పెట్టకుండా నీళ్లలో ముంచితే అక్కడికి నీళ్లు వెళతాయని అందరికీ తెలుసు. క్యాప్ లోపలి వైపు తడిగా ఉండగానే బిగించినా ఆ చుక్క లోపలే ఉండిపోతుంది. కొందరు ఆ క్యాప్‌ని సిలిండర్ గాలితో ఊది ఆరబెడతారు, ఆ ఊపుకి తుంపరలు పక్కనే తెరిచి ఉన్న ఫిల్టర్‌లోకే కొట్టుకుపోయే అవకాశం ఉంది. ఒక పొడి గుడ్డతో తుడిస్తే సరిపోయేదానికి ఇంత హడావుడి ఎందుకో.

నా స్నేహితుడు చేసింది ఇంకోటి. సిలిండర్ నుంచి విప్పేశాక, రెగ్యులేటర్‌ని బకెట్‌లో ముంచి, లోపల కూడా శుభ్రం కావాలని సెకండ్ స్టేజ్ మీదుండే పర్జ్ బటన్ (పీల్చకుండానే వాల్వు తెరిచే బటన్) నొక్కేవాడు. గాలి ఒత్తిడి ఉన్నప్పుడు ఆ బటన్ నొక్కితే గాలి బయటికి వస్తుంది, నీళ్లు లోపలికి రాలేవు. ఒత్తిడి లేనప్పుడు నొక్కితే వాల్వు ఊరికే తెరుచుకుంటుంది, నీళ్లు గొట్టంలోకి దిగుతాయి, ఆ గొట్టం గుండా ఫస్ట్ స్టేజ్‌లోకి వెనక దారిన చేరతాయి. అది కూడా మంచినీళ్లు కాదు. పదిమంది సామాన్లు కడిగిన బకెట్ మధ్యాహ్నానికే ఉప్పగా ఉంటుంది. మర్నాడు దాన్ని 200 బార్ సిలిండర్‌కి తగిలిస్తే ఏమవుతుందో ఆలోచించండి. గాలిలో 21 శాతం ఆక్సిజన్, 200 బార్ దగ్గర ఒక్క ఆక్సిజన్ ఒత్తిడే 42 బార్. మామూలు గాలిలో ఉండేదానికి 200 రెట్లు. ఉప్పు చుక్క, లోహం, దాని మీద అంత ఆక్సిజన్, తుప్పుకి ఇంతకంటే మంచి పరిస్థితి కావాలని ఎవరైనా ఏర్పాటు చేసినా కుదరదు.

కడగడానికి అన్నిటికంటే మంచి పద్ధతి సిలిండర్‌కి తగిలించి, గాలి తెరిచి ఉంచే కడగడం. అప్పుడు పర్జ్ నొక్కినా ఫర్వాలేదు. అది కుదరకపోతే క్యాప్ తుడిచి గట్టిగా బిగించి, పర్జ్ జోలికి పోకుండా, ఫస్ట్ స్టేజ్‌ని సెకండ్ స్టేజ్ కంటే పైన పట్టుకుని కడగాలి. సెకండ్ స్టేజ్‌కి బిగువు సర్దే నాబ్ ఉంటే దాన్ని పూర్తిగా బిగించి ఉంచడం మంచిది, వాల్వు పొరపాటున తెరుచుకోకుండా ఉంటుంది. రెండుసార్లు ముంచి తీయడం కడగడం కాదు. గట్టిపడిన ఉప్పు కరగడానికి సమయం కావాలి, చేతికి వెచ్చగా తగిలే మంచినీళ్లలో అరగంటైనా నానాలి, తర్వాత పిస్టన్ రంధ్రాల్లోంచి ధార పోనివ్వాలి. అన్నిటికంటే ముఖ్యం ఆరకముందే కడగడం. ఉప్పు ఒకసారి గడ్డకట్టాక దాన్ని పూర్తిగా తీయడం విప్పితే గానీ కుదరదు. ఈత కొలనులో వాడినప్పుడు ఉప్పు లేదు కదా అని కడగడం మానేసేవాళ్లున్నారు, కొలనులో క్లోరిన్ రబ్బరునీ పూతనీ రెండింటినీ తింటుంది.

వెనిగర్‌లో నానబెడితే చిలుము పోతుందన్న చిట్కా తప్పు కాదు, సర్వీసు చేసేవాళ్లు పలచని ఆమ్లంతో అల్ట్రాసోనిక్ యంత్రంలో నిమిషాల లెక్కన చేసేది అదే పని. కానీ విప్పిన లోహ భాగాలకే, చూసుకుంటూ, తర్వాత బాగా కడిగి. ఎక్కువసేపు ఉంచితే క్రోమ్ పూత లేచిపోతుంది, అనోడైజ్ చేసిన అల్యూమినియం భాగాలు పాడవుతాయి. మొత్తం రెగ్యులేటర్‌ని అలాగే వెనిగర్ గిన్నెలో వేసేవాళ్లకి నా విన్నపం ఒక్కటే, దయచేసి వద్దు, అది నీళ్ల కింద మీకు ఊపిరి ఇచ్చే వస్తువు.

వాడకపోవడం కూడా పాడుచేస్తుంది. సెకండ్ స్టేజ్‌లో గాలి ఒత్తిడి లేనప్పుడు స్ప్రింగ్ ఆ మెత్తటి సీటుని లోహపు అంచు మీదికి నొక్కుతూనే ఉంటుంది. నెలల తరబడి అలా ఉంటే సీటు మీద గాడి పడుతుంది, మళ్లీ తగిలించగానే సన్నగా గాలి కారుతుంది. రబ్బరుకి ఎండ, ఓజోన్ పడవు. మోటార్లు తిరిగే గదిలో పెడితే ఓ-రింగులు పగుళ్లిస్తాయి. సిలికోన్ స్ప్రే కొట్టి మెరిపించే అలవాటు మానాలి, సిలికోన్‌తో చేసిన డయాఫ్రమ్, మౌత్‌పీస్ లాంటివి దాన్ని పీల్చుకుని ఉబ్బి మెత్తబడతాయి. గొట్టాల చివర తొడిగే రబ్బరు తొడుగులు గొట్టాన్ని కాపాడతాయి గానీ కింద ఉప్పునీళ్లని కూడా దాస్తాయి. నెలకోసారి వాటిని వెనక్కి జరిపి కింద లోహపు బిగింపు ఎలా ఉందో చూడండి. అల్లిక గొట్టాల్లో కొన్నింటికి లోపలి ప్లాస్టిక్ పొర వేడికీ తేమకీ చెడి, స్ఫటికాలుగా మారి దారి మూసేసిన సంఘటనలు ఉన్నాయి. బయటికి ఏమీ తెలియదు కాబట్టి వాటిని తయారీదారు చెప్పిన గడువుకి మార్చేయాల్సిందే.

ఏ పనిముట్టూ లేకుండా లోపలి సంగతి చెప్పగలిగేది ఆ ఫిల్టర్. టార్చి వేసి చూడండి. ఆకుపచ్చ ఛాయ ఉంటే నీళ్లు లోపలికి వెళ్లాయి. ఎర్రటి గోధుమరంగు పొడి అయితే స్టీల్ సిలిండర్ లోపల తుప్పు ఉంది, తప్పు రెగ్యులేటర్‌ది కాదు. బూడిద తెలుపు పొడి అల్యూమినియం సిలిండర్ నుంచి వచ్చేది. నల్లగా ఉంటే కంప్రెసర్ వైపు చూడాలి, కార్బన్ పొడో నూనో వస్తోందని.

రెండో సాక్ష్యం ఫస్ట్ స్టేజ్ ఇచ్చే ఒత్తిడి. బీసీడీకి, అంటే తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌కి, వెళ్లే గొట్టానికి తగిలించే చిన్న గేజ్ ఒకటి దొరుకుతుంది. గాలి తెరిచి, రెండుమూడు సార్లు పర్జ్ చేసి వదిలితే ముల్లు ఒకచోట ఆగి నిలబడాలి. ఆగకుండా మెల్లగా ఎక్కుతూ పోతుంటే ఆ చిన్న తలుపు మూసుకోవడం లేదు, సీటో అంచో పాడైంది. మామూలు సెకండ్ స్టేజ్‌లలో ఒత్తిడి పెరిగితే వాల్వు తనే తెరుచుకుని గాలి బయటికి వదులుతుంది, అంటే గాలి ఆగిపోవడం కాకుండా ఆగకుండా వచ్చేయడం జరుగుతుంది. ఊపిరికి అది కొంత నయం, కానీ సిలిండర్ చూస్తుండగానే ఖాళీ అవుతుంది. నేలమీద గేజ్‌లో కనిపించే ఈ లోపాన్ని 30 మీటర్ల లోతులో కనుక్కోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. సర్వీసు గడువు ఏడాది లేదా వంద డైవ్‌లని కొందరు తయారీదారులు చెబుతారు, రెండేళ్లని కొందరు. గడువు రాకముందే ముల్లు కదిలితే గడువు కోసం ఆగకూడదు.

సర్వీసులో సీటు, ఓ-రింగులు, ఫిల్టర్ ఎలాగూ మారుస్తారు. అవన్నీ కొత్తవి వేశాక కూడా ముల్లు నిలబడకపోతే అంచుని భూతద్దం కింద చూడాలి. విడిగా మార్చగలిగే అంచు అయితే సరే, దిమ్మలోనే చెక్కినదైతే, దాని మీద గుంట ఉంటే, ఆ దిమ్మ పని అయిపోయినట్టే. ఇంకో రకంగా కూడా పని అయిపోతుంది. 1960ల, 70ల నాటి ఇత్తడి రెగ్యులేటర్లు ఇప్పటికీ నీళ్లలోకి దిగుతున్నాయి, లోహం బాగానే ఉంది, వాటికి సరిపోయే సీట్లు, డయాఫ్రమ్‌లు ఎక్కడో ఒకచోట ఇంకా దొరుకుతున్నాయి కాబట్టి. వాటికంటే ఎంతో కొత్తవి, లోపల మచ్చ కూడా లేనివి, సర్వీసు కిట్ (మార్చే సీట్లు, ఓ-రింగులు ఉండే సెట్) రావడం ఆగిపోయి పక్కన పడి ఉన్నాయి. అందుకే ఇప్పుడెవరైనా ఇత్తడా, టైటానియమా అని అడిగితే, ఆ మోడల్ కిట్ ఇంకా ఎన్నేళ్లు ఇస్తారో, దాన్ని విప్పగలిగేవాళ్లు మీకు అందుబాటులో ఉన్నారో లేదో ముందు కనుక్కోమని చెబుతున్నాను.